చేపలు వేగుతుండగా పేజర్ మోగింది

మొన్న శుక్రవారం సాయంత్రం ఆరుంపావు. మా ఫైర్ హాలు వంటింట్లో రెండు పెద్ద ఫ్రైయర్లలో నూనె సలసల కాగుతోంది. నేను హ్యాడక్ చేప ముక్కల్ని పిండిలో ముంచి జాలీలో వేస్తున్నాను. మా చీఫ్ వేగినవి తీసి ట్రేలో సర్దుతున్నాడు. బయట పార్కింగ్ దాకా లైను. ఈస్టర్‌కు ముందు నలభై రోజులు ఇక్కడ చాలామంది శుక్రవారం మాంసం ముట్టరు. మా ఒంగోలు వైపు క్యాథలిక్కులు తపస్సుకాలం అంటారే, అదే. ఆ శుక్రవారాలన్నీ మా ఫైర్ కంపెనీకి, అంటే ఊళ్లో మంటలార్పే మా జట్టుకి, నాలుగు డబ్బులు వచ్చే రోజులు.

అందరి నడుములకూ ఉన్న పేజర్లు ఒక్కసారిగా మోగాయి. హైవే మీద కారు బోల్తా, లోపల మనిషి ఇరుక్కుపోయింది. చీఫ్ చేతిలోని జాలీ నా చేతిలో పెట్టి, ఏప్రాన్ విప్పుతూనే పరుగెత్తాడు. టిక్కెట్లు చింపుతున్న కుర్రాడు, గల్లాపెట్టె దగ్గర కూర్చున్న ఆవిడ, బంగాళాదుంపలు వేయిస్తున్న ఇద్దరు అన్నదమ్ములు, ఇంకో ఇద్దరు, మొత్తం ఏడుగురు వెళ్లిపోయారు. నిమిషంన్నరలో ఫైరింజన్ షెడ్డు దాటింది. వంటింట్లో నేను, డెబ్భై దాటిన ఇద్దరు పెద్దావిడలు, మా పెద్దమ్మాయి మిగిలాం. గోడకు గుచ్చిన ఆర్డర్ చీటీలు 43.

లైనులో ఉన్న ఒకాయన లోపలికొచ్చి చేతులు కడుక్కుని, "నేనేం చెయ్యాలో చెప్పండి" అన్నాడు. ఆయన వెనకే ఇంకొకామె. ఎలాగో గట్టెక్కాం. ఎనిమిదిన్నరకి మావాళ్లు తిరిగొచ్చారు. కారులోని మనిషిని బతికుండగానే బయటికి తీశారట. ఆ కబురు వినగానే నాకు కాళ్లలో వణుకు తగ్గింది. చీఫ్ నిలబడే రెండు చల్లారిన చేప ముక్కలు తిని, మళ్లీ ఏప్రాన్ కట్టుకుని ఫ్రైయర్లు కడగడానికి వెళ్లాడు. పొద్దున ఐదింటికి ఆయన డ్యూటీ. స్కూల్ బస్సులు బాగుచేసే మెకానిక్ ఆయన. ఫైర్ కంపెనీలో ఆయనకు జీతం లేదు. మాలో ఎవరికీ లేదు.

ఆ రాత్రి ఖర్చులు పోను 2,900 డాలర్లు మిగిలాయి. ఆ అంకె నేనే పుస్తకంలో రాశాను, ఎందుకంటే మా కంపెనీ లెక్కలు చూసేది నేనే. ఈ పోస్టు కూడా ఆ లెక్కల గురించే. చాలా రోజులుగా రాయాలనుకుంటున్నాను.

మేముండేది పెన్సిల్వేనియాలో, హారిస్‌బర్గ్‌కు పడమర, సస్క్వెహన్నా నదికి ఇవతల కంబర్లాండ్ కౌంటీలో. రాష్ట్ర ప్రభుత్వ ఆఫీసుల్లో కంప్యూటర్ కాంట్రాక్టులు చేసే తెలుగువాళ్లు ఈ చుట్టుపక్కల చాలామందే ఉన్నారు. మేం వచ్చి పద్నాలుగేళ్లయింది. అందులో మొదటి ఆరేళ్లు, ఈ ఊళ్లో మంటలార్పేవాళ్లు ఎవరు, వాళ్లకు జీతం ఎవరిస్తారు అన్న ప్రశ్న నా బుర్రలోకే రాలేదు. ఎర్ర బండి కనిపిస్తే గవర్నమెంటుదే అనుకున్నాను. మన దగ్గర 101 కొడితే వచ్చేది గవర్నమెంటు ఫైరింజన్ కదా, ఇక్కడా అంతే అనుకున్నాను.

ఆ తర్వాత మా ఇంట్లో బట్టల డ్రయ్యర్ అంటుకుంది. లోపల పేరుకుపోయిన నూలు దుమ్ము. మావారు ఊళ్లో లేరు. పొగ మెట్ల మీదుగా పైకి వస్తోంది. పిల్లలిద్దర్నీ తీసుకుని మంచులో చెప్పుల్లేకుండా బయటికొచ్చి 911 కి ఫోన్ చేశాను. రాత్రి పదకొండు దాటింది. తొమ్మిది నిమిషాల్లో వచ్చారు. ఇద్దరు లోపలికి వెళ్లారు. మూడో ఆయన మోకాళ్ల మీద కూర్చుని మా చిన్నదాన్ని తన కోటులో చుట్టి, ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా అని నన్ను రెండుసార్లు అడిగాడు. వెళ్లేముందు గోడలో నిప్పు దాగి ఉందేమోనని కెమెరాతో వెతికి, నేల మీద నీళ్లు తుడిచి మరీ వెళ్లారు.

మర్నాడు బిల్లు ఎక్కడ కట్టాలో కనుక్కుందామని వాళ్ల హాలుకి వెళ్లాను. తాళం వేసి ఉంది. పక్క షాపులో అడిగితే, "పగలు ఎవరూ ఉండరండీ, అందరూ పనులకి వెళ్తారు" అన్నారు. సాయంత్రం వెళ్తే తలుపు తీసినాయన్ని చూసి నిలబడిపోయాను. రెండేళ్లుగా మా కారుకి ఆయిల్ మార్చేవాడు. "బిల్లేమీ లేదండీ. వీలైతే శుక్రవారం చేపలు కొనుక్కోండి" అన్నాడు.

ఆ సంగతి ఫోన్లో చెబితే మా నాన్న నమ్మలేదు. "జీతం లేకుండా మంటలోకి ఎవరు దూరతారే అమ్మడూ?" అన్నారు. మాది టంగుటూరు దగ్గర పల్లె, పొగాకు ఊరు. మా నాన్నకి మంటంటే ఏమిటో తెలుసు. ఆకు కర్రలకు అల్లి బ్యారన్‌లో, అంటే ఆకు ఎండబెట్టే గదిలో, వరసలు వరసలుగా వేలాడదీసి, కింద ఇనుప గొట్టాల్లో వేడి పంపిస్తారు. రోజుల తరబడి రాత్రిళ్లు కూడా ఎవరో ఒకరు కాపలా ఉండి వేడి చూసుకోవాలి. ఎండిన ఆకు ఒక్కటి జారి కాలిన గొట్టం మీద పడితే చాలు, సంవత్సరం కష్టం గంటలో బూడిద. నేను ఆరో క్లాసులో ఉండగా మా బాబాయి బ్యారన్ అలాగే పోయింది. ఊరు ఊరంతా బిందెలు పట్టుకుని వచ్చింది. ఒంగోలు నుంచి ఫైరింజన్ వచ్చేసరికి నాలుగు గోడలు మిగిలాయి. "మరి ఆ రోజు బిందెలు మోసినవాళ్లకి జీతం ఎవరిచ్చారు నాన్నా?" అని అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదాయన. "అది మనూరు కదమ్మా" అన్నారు.

ఇక్కడివాళ్లూ అదే మాటంటారు. ఇది మా ఊరు కదా అని.

పెన్సిల్వేనియాలో ఈ పద్ధతి చాలా పాతది. 1736 డిసెంబరు 7న ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ యూనియన్ ఫైర్ కంపెనీ పెట్టాడు. కంపెనీ అంటే వ్యాపారం కాదు, జట్టు. ఒక్కొక్కరు తోలు బకెట్లు, సామాన్లు మూటగట్టడానికి సంచులు సిద్ధంగా ఉంచుకోవాలి. నెలకోసారి కలవాలి. రానివాళ్లు జరిమానా కట్టాలి. ఆ జరిమానా డబ్బుతోనే పంపులు, నిచ్చెనలు, కొక్కేలు కొన్నారు. అంటే మొదటి రోజు నుంచీ చేసేవాడి జేబులోంచే ఖర్చు. ఫిలడెల్ఫియా నగరం 1871లో జీతాల డిపార్ట్‌మెంటుకి మారింది. మిగతా రాష్ట్రంలో మటుకు ఈనాటికీ ఎక్కువ భాగం వాలంటీర్ కంపెనీలే. చట్టం ప్రకారం ఫైర్ సర్వీసు చూసుకోవాల్సిన బాధ్యత ఊరి పాలకమండలిది. వాళ్లు ఎంతో కొంత ఇస్తారు. చాలనిదంతా కంపెనీ వెతుక్కోవాలి.

నేను చేరింది మంటలార్పడానికి కాదు, నాకు ఆస్తమా ఉంది. బీకాం చదివి ఒంగోల్లో ఒక ఆడిటర్ గారి దగ్గర నాలుగేళ్లు పనిచేశాను. ఆ మాట ఒకసారి చేపలు కొంటూ అన్నాను. వారం తిరక్కముందే ట్రెజరర్‌గా ఉన్న పెద్దాయన రెండు అట్టపెట్టెల రసీదులు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. కళ్లు సరిగ్గా కనపడటం లేదు, నీ చేతిలో పెడితే నాకు నిద్ర పడుతుందమ్మాయ్ అన్నట్టు చూశాడు. కాదనలేకపోయాను.

ఆ పెట్టెలు తెరిచాకే రాష్ట్ర ప్రభుత్వం డబ్బు ఎలా వస్తుందో, వచ్చినా ఎందుకు చాలదో అర్థమైంది.

మా దగ్గర రెండు పుస్తకాలుంటాయి. ఒకటి కంపెనీది. రెండోది వాలంటీర్ల సాయం కోసం ఉండే రిలీఫ్ అసోసియేషన్‌ది. మనుషులు వాళ్లే అయినా చట్టం దృష్టిలో ఇవి వేర్వేరు సంస్థలు, బ్యాంకు ఖాతాలు వేరు. రిలీఫ్ పుస్తకంలోకి వచ్చే డబ్బు రాష్ట్రం ద్వారా వస్తుంది. పెన్సిల్వేనియా బయట రిజిస్టరైన ఇన్సూరెన్స్ కంపెనీలు ఇక్కడ అమ్మిన ఫైర్ ఇన్సూరెన్స్ ప్రీమియం మీద 2 శాతం పన్ను కడతాయి. దాన్ని 'ఫారిన్' ఫైర్ ఇన్సూరెన్స్ పన్ను అంటారు. ఫారిన్ అంటే ఇక్కడ పక్క రాష్ట్రం కూడా. ఆ డబ్బును రాష్ట్ర ఆడిటర్ జనరల్ ప్రతి సంవత్సరం ఊళ్లకు పంచుతారు. సగం జనాభాను బట్టి, సగం ఆ ఊళ్లోని ఆస్తుల మార్కెట్ విలువను బట్టి. ఊరికి చేరిన 60 రోజుల్లో రిలీఫ్ అసోసియేషన్‌కు అప్పజెప్పాలి.

చాలా మంచి ఏర్పాటు ఇది, మనస్ఫూర్తిగా అంటున్నాను. ఇల్లు కాలకుండా ఉండాలని కట్టిన ప్రీమియంలోంచే, ఇల్లు కాలితే వచ్చేవాడి కోటు వస్తోంది. మా తెలుగువాళ్లు ఎవరైనా ఇక్కడ ఇల్లు కొని ఇన్సూరెన్స్ కట్టి ఉంటే, వాళ్ల డబ్బూ అందులో ఉండే ఉంటుంది.

కానీ ఆ డబ్బు ఖర్చుపెట్టడానికి గీతలున్నాయి. పని మీద దెబ్బ తగిలినవాడికి, చనిపోయినవాడి కుటుంబానికి సాయం చేయొచ్చు. సభ్యులకు ఇన్సూరెన్స్ కట్టొచ్చు. కోట్లు, హెల్మెట్లు, పొగలో ఊపిరి కోసం వీపుకి తగిలించుకునే ఎయిర్‌ప్యాకులు కొనొచ్చు, ట్రైనింగ్ ఇప్పించొచ్చు. బండిలో డీజిల్ పోయకూడదు. హాలు కరెంటు బిల్లు కట్టకూడదు. కప్పు బాగుచేయించకూడదు. ఆడిట్‌లో ఒక్కో రసీదు చూస్తారు.

మా గేర్ గది ఎలా ఉంటుందో చెప్తాను. గోడ పొడుగునా ఇనుప అరలు. ఒక్కో అరలో ఒక్కో మనిషి కోటు, ప్యాంటు, బూట్లు, పైన హెల్మెట్. ప్యాంటు కాళ్లు ముందే బూట్లలో తొడిగి కిందికి మడిచి పెట్టి ఉంటాయి, కాళ్లు పెట్టి పైకి లాగితే చాలు. ఒక్కో సెట్టు నాలుగైదు వేల డాలర్లు. చిరగకపోయినా పదేళ్లు దాటితే మంటలోకి వేసుకోకూడదని నియమం. పోయిన ఏడాది రిలీఫ్ డబ్బుతో కొత్త సెట్లు ఆరు కొన్నాం. లేబుళ్లు ఇంకా తళతళలాడుతున్నాయి. ఆ ఆరు అరల మీద మాత్రం నీలం టార్పాలిన్ పట్టా కట్టి ఉంటుంది. ఎందుకంటే సరిగ్గా ఆ గది మీదే కప్పు కారుతుంది. పట్టా మధ్యలో చిన్న బొరియ పెట్టి, దాని కింద ప్లాస్టిక్ బకెట్ పెట్టాం. వాన పడిన రాత్రి ఎవరో ఒకరు వచ్చి బకెట్ పారబోసి వెళ్లాలి. కోటు కొనడానికి డబ్బు ఉంది, కోటు తడవకుండా చూడటానికి లేదు. మొదటిసారి అది చూసినప్పుడు నాకు ఏడుపొచ్చింది.

అలాగని రిలీఫ్ చట్టం గీతలు చెరిపేయాలని నేననను. మా దగ్గర కొంతమంది కుర్రాళ్లు అలాగే అంటారు. గాయపడ్డవాడి కోసం, పోయినవాడి పిల్లల కోసం పక్కన పెట్టిన డబ్బును ఒకసారి డీజిల్‌లో కలిపితే, అది ఎప్పటికీ డీజిల్‌కే పోతుంది. ఆ గిన్నె అలాగే ఉండాలి. రెండో గిన్నె నిండే దారి చూడాలి.

రెండో గిన్నెలోకి రాష్ట్రం ఇచ్చేది ముఖ్యంగా గ్రాంటు. స్టేట్ ఫైర్ కమిషనర్ ఆఫీసు నడిపే ఫైర్ కంపెనీ గ్రాంటు ప్రోగ్రాంకి 2004లో వచ్చిన జూదం చట్టం ఒక పెద్ద ఆధారం. క్యాసినోల్లో స్లాట్ మెషీన్ల మీద వచ్చే రాబడిలోంచి ఏటా 2.5 కోట్ల డాలర్లు ఫైర్ కంపెనీలకని ఆ చట్టంలో రాశారు. వినడానికి పెద్ద అంకె. రాష్ట్రంలో ఉన్న వేల కంపెనీలు, అంబులెన్స్ వాళ్లు పంచుకుంటే ఒక్కొక్కరి చేతికి వచ్చేది వేలల్లోనే. మా కంపెనీకి పోయినసారి 13 వేల డాలర్ల చిల్లర వచ్చింది. కప్పు వేయించడానికి కాంట్రాక్టరు చెప్పిన అంకె 61 వేలు. ఆ 13 వేలు పాత బండి పంపు రిపేరుకే సరిపోయాయి. పంపు పనిచెయ్యకపోతే కప్పున్నా ఏం లాభం అని చీఫ్ అన్నాడు. నిజమే.

అప్లికేషన్ నేనే రాస్తాను. మరీ కష్టమైందేమీ కాదు. నా కంటే ముందు ఒక ఏడాది మావాళ్లు గడువు దాటబెట్టి ఆ డబ్బు మొత్తం పోగొట్టుకున్నారు. ఆ వారంలో రెండు పెద్ద మంటలు, ఒక అంత్యక్రియ. కాగితాల పని చెయ్యాల్సిన మనిషే గొట్టం పట్టుకుని వెళ్లిన మనిషి. ఇది చిన్న కంపెనీలన్నింటిలోనూ జరిగేదే. కౌంటీకి ఒకరో ఇద్దరో జీతం తీసుకునే గుమస్తాలుంటే, పది పదిహేను కంపెనీల గ్రాంటు పని వాళ్లే చూసిపెట్టొచ్చు. రాష్ట్రం పెట్టే ఖర్చులో ఇంత తక్కువతో ఇంత ఉపయోగం ఉన్న పని ఇంకోటి నాకు కనపడదు.

బండి సంగతి వేరే కథ. కొత్త ఫైరింజన్ ధర ఇప్పుడు పది లక్షల డాలర్ల దగ్గరకు వెళ్లింది. ఆర్డరిచ్చాక రావడానికి ఏళ్లు పడుతోంది. రాష్ట్రానికి 1976 నుంచీ ఒక లోను పథకం ఉంది, 2 శాతం వడ్డీ. ఇలాంటి వడ్డీ ఏ బ్యాంకూ ఇవ్వదు. ఈ పథకానికి జనం ఎన్నిసార్లో బ్యాలట్ మీద ఓటేసి మద్దతిచ్చారు. 2021 మేలో జీతాలిచ్చే డిపార్ట్‌మెంట్లకూ అది వర్తించేలా ఓటేశారు. జనానికి ఈ పని మీద ప్రేమ ఉంది, అది నేను కళ్లారా చూశాను. అయినా అప్పు అప్పే. నెలనెలా కట్టాల్సింది మళ్లీ చేపలు, బింగో, ఆదివారం పాన్‌కేకులు అమ్మిన డబ్బే.

లాంకాస్టర్ కౌంటీలో ఒక మడ్ సేల్‌కి పోయిన మార్చిలో వెళ్లాను. మంచు కరిగి పొలాలన్నీ బురదగా ఉండే రోజుల్లో ఫైర్ కంపెనీలు పెట్టే వేలంపాట అది. పాత పద్ధతుల్లోనే బతికే ఆమిష్ అనే క్రైస్తవ సమాజం ఆడవాళ్లు చలికాలమంతా కుట్టిన బొంతలు, గుర్రబ్బళ్లు, నాగళ్లు, కోళ్లు, అన్నీ పాటలో. అక్కడి కంపెనీల్లో ఆమిష్ మగవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు కారు నడపరు, బండి వేరేవాళ్లు నడిపితే ఎక్కి వెళ్తారు. ఒక బొంత దగ్గర ఆగి కుట్టు చూశాను. వేలికొసంత దూరంలో పన్నెండు కుట్లు, మంచమంత బొంత మొత్తం అలాగే. ఎన్ని రాత్రులు పట్టిందో. అది 900 డాలర్లకు పోయింది. 900 డాలర్లంటే మాకు ఒక ఎయిర్‌ప్యాకులో పదో వంతు. అంత అందమైన వేలంపాటను చూసి అందరూ సంతోషిస్తుంటే, నా మనసు మటుకు ఆ లెక్క దగ్గరే ఆగిపోయింది.

అసలు కొరత డబ్బుది కాదని కొందరంటారు, మనుషులదని. 1970లలో ఈ రాష్ట్రంలో దాదాపు 3 లక్షల మంది వాలంటీర్లు ఉండేవారు. 2018లో శాసనసభ వేసిన కమిషన్ రిపోర్టు 38 వేలని చెప్పింది. అంతకు ముందు 2004లోనూ ఒక కమిషన్ కూర్చుని ఇలాంటి మాటలే రాసింది. రెండు రిపోర్టులూ చదివాను. ఒకదాని తర్వాత ఒకటి చదువుతుంటే, డాక్టరు పద్నాలుగేళ్ల తేడాతో అదే చీటీ రెండోసారి రాసిచ్చినట్టుంది. 2020లో చట్టంలో కొన్ని మార్పులు వచ్చిన మాట నిజమే. కొత్తవాళ్లను చేర్చుకోవడానికి, ఉన్నవాళ్లను నిలుపుకోవడానికి కూడా గ్రాంటు వాడుకోవచ్చన్నారు. వాలంటీర్లకు ఊళ్లు పన్నులో కొంత తగ్గించొచ్చని 2016 నుంచే ఉంది. అయితే అది ఊరి ఇష్టం.

డబ్బు, మనుషులు వేర్వేరు సమస్యలంటే నేను ఒప్పుకోను. పోయిన డిసెంబరులో ఒక పని చేశాను. సంవత్సరం మొత్తం హాజరు పట్టీలు ముందేసుకుని గంటలు లెక్కేశాను. కాల్స్‌కు వెళ్లిన గంటలు ఒక వైపు, ట్రైనింగ్ ఇంకో వైపు, డబ్బు పోగుచేసే పనులు మూడో వైపు. మూడో వరస మిగతా రెండూ కలిపిన దానికంటే ఎక్కువ వచ్చింది. తప్పు లెక్కేశానేమోనని మావారి చేత మళ్లీ చేయించాను. అంతే వచ్చింది.

మా దగ్గర ఒక అబ్బాయి ఉండేవాడు, పాతికేళ్లు, గోదాములో పని. మంటలోకి వెళ్లాలంటే ఇక్కడ మొదట దాదాపు 190 గంటల ట్రైనింగ్ ఉంటుంది, రాత్రిళ్లు, శని ఆదివారాలు. అదంతా పూర్తిచేశాడు. నిచ్చెన మీద అతన్ని చూస్తే ముచ్చటేసేది. పెళ్లయింది, పాప పుట్టింది. ఒక రోజు నా దగ్గరికొచ్చి పేజర్ టేబుల్ మీద పెట్టి, "కాల్స్‌కి రమ్మంటే అర్ధరాత్రయినా వస్తానండీ. కానీ శుక్రవారం చేపలు, ఆదివారం పాన్‌కేకులు, మంగళవారం బింగో, ఇవన్నీ నావల్ల కావటం లేదు. పాప నన్ను మర్చిపోయేలా ఉంది" అన్నాడు. మంట ఆర్పడం నేర్చిన మనిషిని బంగాళాదుంపల వేపుడు దగ్గర పోగొట్టుకున్నాం. పగటి పూట మా బండి కదలాలంటే ఇప్పుడు ముగ్గురే ఉన్నారు, అందులో ఒకాయనకి 68.

పక్క టౌన్‌షిప్, అంటే పక్క ఊరి, కంపెనీ మాకు మూడు మైళ్లు. వాళ్లకూ ఇవే బాధలు, ఇదే వయసు బండి. కలిసిపోతే బాగుంటుందని నేను గట్టిగా నమ్ముతాను. కలిసిన కంపెనీలు గ్రాంటులో నష్టపోకుండా చట్టంలో ఏర్పాటు కూడా ఉంది. కానీ తాతలు పేరు చెక్కించిన రాయి ఉన్న గోడను ఎవరు వదులుకుంటారు? ఆ మాటెత్తితే మా పాత ట్రెజరర్ గారి ముఖం వాడిపోతుంది. నేను ఎత్తడం మానేశాను. అది అక్కడే పుట్టిపెరిగినవాళ్లు ఎత్తాల్సిన మాట.

ఇక నేను చెయ్యగలిగింది టౌన్‌షిప్ మీటింగ్‌కి వెళ్లడం. ఆస్తి పన్నుతో పాటు ఫైర్ పన్ను వేసే అధికారం టౌన్‌షిప్‌కి ఉంది, మిల్లుల లెక్కన. మిల్లు అంటే ఆస్తి అసెస్‌మెంటులో వెయ్యి డాలర్లకు ఒక డాలరు. మేం అడిగింది అర మిల్లు. 2,80,000 డాలర్ల అసెస్‌మెంటు ఉన్న ఇంటికి సంవత్సరానికి 140. నెలకి పన్నెండు డాలర్లు కూడా కాదు.

మీటింగ్‌కి ముందు మా తెలుగు వాట్సాప్ గ్రూపులో రాశాను. ఉగాదికి, వినాయక చవితికి, పిల్లల పుట్టినరోజులకి మనం అద్దెకు తీసుకునే హాలు ఈ ఫైర్ కంపెనీదే, ఆ అద్దె కూడా మా పుస్తకంలో ఒక లైను అని. ఏటా పోస్టులో వచ్చే చందా ఉత్తరాన్ని ప్రకటన అనుకుని పారేయొద్దని. కొత్త కాలనీల్లో మనమే ఎక్కువ ఉన్నాం, మనం వచ్చాక కాల్స్ పెరిగాయి, పొగ అలారం మోగినా, గ్యాస్ వాసన వచ్చినా వచ్చేది వీళ్లేనని. కొందరు "ఇప్పటికే పన్నులు ఎక్కువ కదండీ అక్కా" అన్నారు. వాళ్ల మీద నాకు కోపం లేదు, ఆరేళ్లు నాకూ తెలియలేదు. పదకొండు కుటుంబాలు మీటింగ్‌కి వచ్చాయి. చీరల్లో ఇద్దరు పెద్దవాళ్లు కూడా, పిల్లల్ని చూడ్డానికి ఇండియా నుంచి వచ్చినవాళ్లు.

మాట్లాడటానికి మూడు నిమిషాలిచ్చారు. చేతులు చల్లబడ్డాయి. నేను హాజరు పట్టీల్లోని మూడు వరసలు చదివాను, ఆ తర్వాత గేర్ గది ఫోటో ఒకటి చూపించాను, నీలం పట్టా, కింద బకెట్. ఒక సూపర్‌వైజర్, అంటే టౌన్‌షిప్ పాలకమండలి సభ్యుడు, కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకుని, "ఇది ఇప్పటిదేనా?" అని అడిగాడు. నిన్న రాత్రిది సార్ అన్నాను.

అర మిల్లు 3-2 ఓట్లతో గెలిచింది. మొదటి డబ్బు వచ్చే ఏడాది వస్తుంది. కప్పు వేసే కాంట్రాక్టరుతో చీఫ్ మాట్లాడి ఏప్రిల్లో రమ్మని చెప్పాడు, సగం ఇప్పుడు, సగం తర్వాత ఇచ్చేలా. పేజర్ తిరిగిచ్చేసిన అబ్బాయికి ఈ వార్త మెసేజ్ పెట్టాను. చూశాడు, జవాబు ఇంకా రాలేదు.

ఈ శుక్రవారం 180 ప్లేట్లకు ఆర్డరుంది. ఫ్రైయర్ల దగ్గర ఇద్దరు తక్కువున్నారు. చుట్టుపక్కల ఉన్నవాళ్లెవరైనా నాలుగింటికల్లా వస్తే ఏప్రాన్లు నేనిస్తాను. పేజర్ మోగితే ఈసారి వంటింట్లో నలుగురమే మిగలకూడదు.